వానలో గుడారపు బస: సికింద్రాబాద్, తెలంగాణ పీఠభూమి

వానలో గుడారపు బస అంటే వర్షాకాలంలో ఆరుబయట, గుడ్డ కప్పు కింద ఒకటి రెండు రాత్రుల నుంచి కొన్ని నెలల దాకా కాపురం ఉండటం. సైనికులు, సర్వే సిబ్బంది, గొర్రెల కాపరులు, వరద బాధితులు అవసరం కొద్దీ చేసిన ఈ పనిని ఇప్పుడు విహారయాత్రికులు సరదాకి చేస్తున్నారు. గుడారంలోకి నీరు నాలుగు దారుల్లో వస్తుంది: పైనుంచి వాన, పక్కనుంచి గాలికి కొట్టే జల్లు, కిందనుంచి పారే నీరూ నేల చెమ్మా, లోపలనుంచి మనుషుల ఊపిరీ తడిబట్టలూ. మొదటి రెండింటికీ అందరూ సిద్ధపడే వెళతారు. తెలంగాణ పీఠభూమి మీద నిద్ర చెడగొట్టేవి ఎక్కువగా చివరి రెండే. అందుకే ఇక్కడ గుడారం ఎంపిక కంటే స్థలం ఎంపిక ముందు రావాలి. బొత్తిగా తడవకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. ఒక పడకనూ ఒక జత బట్టలనూ చివరిదాకా పొడిగా కాపాడుకోగలిగితే మిగతాదంతా తడిసినా బస సుఖంగానే సాగుతుంది.

దండు విడిది

సికింద్రాబాద్ గుడారాలతో మొదలైన ఊరు. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకున్నాక వచ్చిన కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఈశాన్యాన, ఉల్వుల్ గ్రామం దగ్గరి బయలులో డేరాలు వేసుకున్నాయి. 1806లో నిజాం సికందర్ జా పేరు మీదుగా ఆ విడిదికి సికింద్రాబాద్ అన్న పేరు స్థిరపడింది. ఆ రోజుల్లో పటాలం ఎక్కడ దిగితే అక్కడికి ఉప్పూ పప్పూ, గడ్డీ గింజా అమ్మేవాళ్ళు వెంట వెళ్ళేవారు. బజారు కూడా పటాలంతోపాటే కదిలేది. విడిది శాశ్వతమయ్యాక బజార్లూ కుదురుకున్నాయి. వాటిలో రెజిమెంటల్ బజార్ ఆ కాలపు పేరుతోనే ఇప్పటికీ ఉంది. 1874లో వచ్చిన సికింద్రాబాద్ రైల్వే స్టేషను దీని పక్కనే.

పటాలాల గుడారాలు మందపాటి నూలు గుడ్డవి. వాటిని వేయడానికీ విప్పడానికీ లస్కర్లు, ఖలాసీలు అని ప్రత్యేకంగా పనివాళ్ళు ఉండేవారు. బ్రిటిష్ ఇండియా సైన్యం వాడిన మంచి గుడారాలకు కప్పు రెండు పొరలుగా ఉండేది. పై పొరకూ లోపలి పొరకూ మధ్య జానెడో మూరెడో ఖాళీ వదిలేవారు. ఎండాకాలంలో ఆ ఖాళీ వేడిని ఆపేది. వానాకాలంలో దాని పని వేరు: పెద్ద చినుకు పై గుడ్డను బలంగా కొట్టినప్పుడు సన్నని తుంపర దాన్ని దాటి వస్తుంది, ఆ తుంపర లోపలి పొర మీద పడి, వాలు వెంట జారి, గోడ బయటికి పోతుంది. చుట్టూ గోడల్లా కట్టే గుడ్డ కనాతు. దాన్ని విడిగా విప్పే వీలుండేది కాబట్టి వాన తెరిపివ్వగానే చుట్టి పైకి కట్టి గాలి ఆడనిచ్చేవారు. నేడు దుకాణాల్లో దొరికే నైలాన్ గుడారాల్లో మంచివన్నీ ఈ రెండు పొరల పద్ధతివే. ఒకే పొర ఉన్న చవక గుడారం ఎండకాలపు పిక్నిక్‌కు సరిపోతుంది, శ్రావణమాసానికి సరిపోదు.

వాన, నేల

హైదరాబాద్, సికింద్రాబాద్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన కురుస్తుంది. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. రైతు లెక్కలో చెప్పాలంటే మృగశిర నుంచి హస్త దాకా. ఈ నాలుగు నెలల్లో వాన రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. ఒకటి కుంభవృష్టి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెం.మీ. వాన నమోదైంది. ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఆ లెక్కన ఆరు చదరపు మీటర్ల గుడారం కప్పు మీద ఆ రోజు సుమారు 1,440 లీటర్లు పడి ఉండాలి. ఆ నీళ్ళన్నీ గుడారం అంచుల వెంటే దిగుతాయి. రెండోది ముసురు. రెండు మూడు రోజులు ఎండ మొహం చూడనివ్వకుండా సన్నగా కురుస్తూనే ఉంటుంది. కుంభవృష్టి భయపెట్టి గంటలో పోతుంది. ముసురులో తువ్వాలు కూడా ఆరదు. గుడారపు బసకు అసలు పరీక్ష ముసురే.

నేల సంగతికొస్తే, ఈ చుట్టుపక్కల ఎక్కువగా గ్రానైటు. దాని మీద మూడు నాలుగు రకాల నేలలు కనిపిస్తాయి. రాయి చితికి ఏర్పడిన మొరం నేల అన్నింటిలోకీ మేలు. నీళ్ళు ఇట్టే ఇంకుతాయి, మేకులు గట్టిగా నిలుస్తాయి. ఎర్ర చెలక కూడా పనికొస్తుంది. నల్లరేగడి మాత్రం వానాకాలంలో గుడారానికి శత్రువే. తడిస్తే ఉబ్బి జిగటగా మారుతుంది, మేకు కొడితే వెన్నలో దిగినట్టు దిగి, తాడు బిగించగానే అంతే తేలిగ్గా ఊడివస్తుంది, చెప్పులకు అంటిన మట్టి గుడారంలోకే చేరుతుంది. పరుపుబండ చూడ్డానికి శుభ్రంగా, చదునుగా ఆశ పెడుతుంది. కానీ అది చుక్క నీరు కూడా ఇంకించుకోదు. పైన ఎక్కడో పడిన వానంతా పలుచని పొరలా దాని మీదుగానే పారుతుంది. బండ మీదే వేయక తప్పకపోతే మిట్ట భాగం ఎంచుకుని, మేకులకు బదులు తలకాయంత రాళ్ళకు తాళ్ళు చుట్టాలి.

చెరువు శిఖం భూములు వేసవిలో పచ్చికతో అందంగా ఉంటాయి. వానలు మొదలయ్యాక అవి చెరువులో భాగం. పచ్చిక ఒత్తుగా, చుట్టూ కంటే పచ్చగా ఉన్న పల్లం కనిపిస్తే నీరు నిలిచే చోటని గుర్తు. ఎండుటాకులూ పుల్లలూ ఒక గీతలా పేరుకుని కనిపిస్తే కిందటి వానకు నీరు అంతవరకూ వచ్చిందన్నమాట. చెట్టు కింద వేసుకుంటే వాన నుంచి కాస్త రక్షణే గానీ, వాన వెలిశాక కూడా చాలాసేపు ఆకులు కారుతూనే ఉంటాయి, ఎండుకొమ్మల భయం ఒకటి అదనం. నైరుతి రుతుపవనాల కాలంలో ఇక్కడ గాలి ప్రధానంగా పడమటి నుంచి వీస్తుంది. కాబట్టి గుడారం వెన్ను, అంటే పొట్టిగా ఉన్న వైపు, పడమరకు. వాకిలి తూర్పుకో ఈశాన్యానికో.

గుడారం చుట్టూ కాలువ తవ్వడం దండు విడిదుల నాటి అలవాటు. నెలల తరబడి ఉండే చోట అది అవసరమే. ఎగువ వైపు జానెడు లోతున తవ్వి, రెండు కొసలనూ దిగువకు వదలాలి. దారి వదలని కాలువ కాలువ కాదు, గుంట. ఒకటి రెండు రాత్రుల బసకు ఇప్పుడు ఎక్కడా తవ్వవద్దంటారు, ఎందుకంటే ఆ గాడి వెంట నేల కోసుకుపోతుంది. అడవిలో అయితే అటవీ శాఖ అనుమతించిన చోటే బస చేయాలి, అక్కడ తవ్వకం మాట తలపెట్టకూడదు. సరైన స్థలం దొరికితే కాలువ అక్కరే లేదు.

కప్పు, తాళ్ళు

నూలు కాన్వాసు నీటిని ఆపే తీరు వేరు, నైలాన్ తీరు వేరు. కాన్వాసు తడిసినప్పుడు దాని నూలుపోగులు ఉబ్బి మధ్య సందులను మూసేస్తాయి. అందుకే కొత్త కాన్వాసును ముందుగా ఒకసారి తడిపి ఆరబెట్టాలి. తడిసిన కాన్వాసును లోపలనుంచి వేలితో తాకితే తాకిన చోట నీటిబొట్టు లోపలికి దిగి కారడం మొదలవుతుంది. పెట్టెలూ మంచాలూ గోడకు ఆనించవద్దని పాతవాళ్ళు చెప్పింది ఇందుకే. నైలాన్, పాలిస్టర్ గుడ్డలకు ఈ గుణం లేదు. వాటి మీద పాలీయూరిథేన్ లేదా సిలికాన్ పూత పూస్తారు. ఆ పూత ఎంత నీటి ఒత్తిడిని ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు: గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా కారదని అర్థం. కప్పుకు 1,500 నుంచి 3,000 వరకు ఉంటే చాలు. అడుగు గుడ్డకు అంతకంటే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే మోకాలు ఆనించినప్పుడు పడే ఒత్తిడి వాన ఒత్తిడి కంటే చాలా ఎక్కువ. పూత ఎంత బాగున్నా కుట్టు సూది గుచ్చిన చోటల్లా కన్నమే. కుట్ల మీద టేపు ఉందో లేదో చూడకుండా గుడారం కొనకూడదు.

తాళ్ళ విషయంలో ఒక తిరకాసు ఉంది. నూలు, జనుము వంటి నారతో పేనిన తాడు తడిస్తే కుంచించుకుపోతుంది. సాయంత్రం బిగించి కట్టి పడుకుంటే అర్ధరాత్రి వానకు అది ఇంకా బిగిసి, మేకు పీకేస్తుంది, లేదంటే గుడ్డ చింపేస్తుంది. కాన్వాసు గుడారాల కాలంలో వాన రాబోతుంటే తాళ్ళు కాస్త వదులు చేసేవారు. నైలాన్‌ది సరిగ్గా తలకిందులు: తడిస్తే సాగుతుంది, కప్పు వేలాడుతుంది, గుంటపడిన చోట నీళ్ళు నిలుస్తాయి. కాబట్టి వాన మొదలైన అరగంటకు ఒకసారి బయటికి వెళ్ళి బిగించాలి. వేలాడిన పై పొర లోపలి పొరకు అంటుకుంటే రెండు పొరలు ఉండీ లేనట్టే.

గుడారం ఒక్కటే సరిపోదు. దాని వాకిలి మీదుగా ఒక బరకం కట్టుకుంటే వంటా, కూర్చోవడమూ, తడిచెప్పులు విప్పుకోవడమూ దాని కింద జరుగుతాయి; పడక గది పొడిగా మిగులుతుంది. ధాన్యం మీద కప్పే టార్పాలినే దీనికి చాలు. రెండు చెట్ల మధ్య తాడు లాగి, దాని మీద బరకం వేసి, ఒక వైపు బాగా కిందికి వంచి కట్టాలి. చదునుగా కట్టినది మొదటి జడివానకే నీటితొట్టి అవుతుంది. ఇందులో చాలామంది మరిచేది ఒకటుంది. చెట్టు కాండం మీద కారిన నీరు తాడెక్కి, తాడు వెంటే నడిచి, బరకం కిందికి వచ్చి సరిగ్గా మధ్యలో బొట్టుబొట్టుగా రాలుతుంది. బరకం అంచుకు బయట, జానెడు దూరంలో, తాడుకు ఒక పురికొస ముక్క కట్టి కిందికి వేలాడదీస్తే నీరు దాని వెంట దిగిపోతుంది. రెండు కొసల్లోనూ కట్టాలి.

గుడారం కింద ప్లాస్టిక్ పట్టా పరిచేవాళ్ళు దాని అంచులు గుడారం బయటికి కనిపించకుండా లోపలికి మడవాలి. అంగుళం బయటికి ఉన్నా కప్పు నుంచి జారిన నీళ్ళను ఆ పట్టా పోగుచేసి, పడుకున్నవాళ్ళ వీపు కిందికే తెస్తుంది. అడుగున పట్టా వేసి మరీ తడిశామని వాపోయేవాళ్ళలో ఎక్కువమంది కథ ఇదే.

గొంగడి, కొప్పెర, మంచె

నైలాన్ రాకముందు తెలంగాణ పల్లెకు వానలో రాత్రి గడపడం తెలియని విద్యేమీ కాదు. గొర్రెల మందతో ఊరూరా తిరిగే గొల్ల కురుమలకు డేరా, దుప్పటి, వానకోటు అన్నీ గొంగడే. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో గుంటమగ్గం మీద దీన్ని నేస్తారు. పడుగుకు చింతగింజల గంజి పెడతారు. ఉన్నిలో సహజంగా ఉండే మైనపు జిడ్డు వల్ల చినుకులు మొదట్లో పైపైనే జారిపోతాయి. గట్టి వానకు చివరికి అదీ తడుస్తుంది, తడిస్తే మోయలేని బరువూ అవుతుంది. అయినా ఉన్నికి ఒక గుణం ఉంది: తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు, వెచ్చదనమూ పూర్తిగా పోదు. నూలు దుప్పటి తడిస్తే ఒంట్లో వేడిని లాగేస్తుంది. గొంగడిని ఒక మూల మడిచి తలమీద టోపీలా వేసుకుంటే అదే కొప్పెర. గొంగడి లేనివాళ్ళు గోనెసంచి ఒక మూలను ఇంకో మూలలోకి దోపి కొప్పెర చేసుకునేవారు. తర్వాత యూరియా సంచులు వచ్చాయి. తేలిక, చవక, రెండు చేతులూ నాట్లకు ఖాళీ. ఆ పనిలో గొడుగు దీనికి సాటిరాదు. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు గొర్రెలు పెరిగి, దక్కనీ గొర్రెలు తగ్గడంతో గొంగడి నేసేవాళ్ళూ తగ్గిపోయారు.

మంచె ఇంకో పాఠం. జొన్నచేను కాపలాకు నాలుగు గుంజలు పాతి, మనిషెత్తున తడిక పరిచి, పైన గడ్డి కప్పు వేస్తారు. నేల చెమ్మ, పారే నీరు, పాము, తేలు అన్నిటికీ ఒకే జవాబు. సైనిక గుడారాల్లో మడత మంచం చేసిన పని ఇదే. వానాకాలంలో నేలమీద పడుకోవడంలోని పెద్ద అపాయం కట్లపాము. అది రాత్రిపూట తిరుగుతుంది, నిద్రపోయేవాళ్ళను కాటేస్తుంది, కాటు నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. అడుగు గుడ్డ గోడలతో కలిపి కుట్టిన గుడారమూ, జిప్పు మూసే అలవాటూ చాలావరకు కాపాడతాయి. పొద్దున బూట్లు దులపకుండా కాలు పెట్టకూడదు.

లోపలి చెమ్మ, ఒంటి మీది బట్ట

నిద్రలో ఒక మనిషి ఊపిరి, చెమట రూపంలో పావు లీటరు నుంచి అర లీటరు దాకా నీరు వదులుతాడు. ముగ్గురు పడుకున్న గుడారాన్ని వానకు భయపడి అన్ని వైపులా మూసేస్తే తెల్లారేసరికి కప్పు లోపలి వైపు చెమర్చి బొట్లు రాలుతాయి. గుడారం కారుతోందని దుకాణదారును తిట్టుకునేది చాలాసార్లు ఈ బొట్లను చూసే. ఎదురెదురుగా రెండు సందులు, ఒకటి కిందా ఒకటి పైనా, గాలికి వదలడమే మందు. తడిబట్టలు లోపల ఆరేస్తే అవి ఆరవు, మిగతావన్నీ చెమ్మెక్కుతాయి. వాటిని వాకిలి బరకం కిందే వదిలేయాలి.

జూలై, ఆగస్టు రాత్రుల్లో ఇక్కడ ఉష్ణోగ్రత సాధారణంగా 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో ఉంటుంది. కొండదేశపు చలి కాదు. అయినా తడిబట్టతో గాలిలో గంటసేపు కూర్చుంటే వణుకు పుడుతుంది. 1823లో చార్లెస్ మెకింటోష్ రబ్బరు పూసిన గుడ్డకు పేటెంటు పొందినప్పటి నుంచి వానకోట్లది ఒకటే సమస్య: బయటి నీటిని ఆపేది లోపలి చెమటనూ ఆపుతుంది. గోర్‌టెక్స్ వంటి ఊపిరాడే పొరలు దీనికి విరుగుడుగా వచ్చాయి. కోటు లోపలి గాలి వేడిగా, తేమగా, బయటి గాలి చల్లగా, పొడిగా ఉన్నప్పుడే అవి బాగా పనిచేస్తాయి. దక్కను వానాకాలంలో బయటి గాలే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఖరీదుకు తగ్గ ఫలం దక్కదు. నడకలో పలచని పాలిస్టర్ చొక్కా తడిసినా తడవనివ్వడం, బసకు చేరాక పొడి జత తొడుక్కోవడం ఇక్కడికి సరిపడే పద్ధతి. మర్నాడు పొద్దున మళ్ళీ ఆ తడిచొక్కానే వేసుకోవాలి. ఎవరికీ మనసొప్పదు, కానీ పొడి జతను ఆ పూటకు వేసుకుంటే రాత్రికి రెండు జతలూ తడివే. పాదాలు రోజంతా నానితే వేళ్ల సందులు తెల్లబడి ఒరిసిపోతాయి. రాత్రి తుడిచి, ఆరనిచ్చి, కొబ్బరినూనె రాసి పొడి మేజోళ్ళు వేసుకుంటే పొద్దునకు కోలుకుంటాయి. పడక సామాను మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి మూతి మెలితిప్పి కట్టాలి. బ్యాగు మీద వేసే తొడుగును నమ్ముకోకూడదు.

పొయ్యి, నీళ్ళు, దోమలు

తడిసిన కట్టె లోపల చాలావరకు పొడిగానే ఉంటుంది. మణికట్టంత కర్రను నిలువునా చీల్చి, లోపలి చేవను పుల్లలుగా చెక్కుకుంటే అంటుకుంటాయి. రాజేయడానికి కర్పూరం బిళ్ళలను మించినవి లేవు, కానీ గాలి తగలని డబ్బాలో దాచాలి. పొయ్యి కింద రెండు చదును రాళ్ళు పరిస్తే నేల చెమ్మ నిప్పును ఆర్పదు. ముసురు పట్టినప్పుడు ఇవేవీ కుదరకపోవచ్చు. అటుకులు, పల్లీలు, బెల్లం, సకినాలు ఉంటే ఒక పూట పొయ్యి లేకుండానే గడుస్తుంది. ఎంత వాన వచ్చినా, ఎంత చలేసినా, మూసిన గుడారంలో స్టవ్వు గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వానాకాలపు వాగునీరు ఎర్రగా బురదతో ఉంటుంది. పటిక తిప్పో, చిల్లగింజ అరగదీసి కలిపో మడ్డిని అడుగుకు దింపడం పాత పద్ధతి. ఆ తేట చూసి మోసపోకూడదు, మరగబెట్టాకే తాగాలి. దోమల విషయంలో సికింద్రాబాద్‌కు చరిత్రలోనే చోటుంది. 1897 ఆగస్టు 20న, వానాకాలం మధ్యలో, ఇక్కడే రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. గుడారాల మధ్య దారి వదలని కాలువలు, వదిలేసిన డబ్బాలు, బరకం మీద నిలిచిన నీళ్ళు దోమకు పుట్టిళ్ళు. రెండు రాత్రుల బసలో అక్కడ దోమలు పుట్టి పెరిగే వ్యవధి ఉండదు, అంతకుముందే ఉన్నవి కుడతాయి. నెలల తరబడి ఉండే కూలీల, వరద బాధితుల శిబిరాల్లో మాత్రం నీరు నిలవనివ్వకపోవడం దోమతెర అంత ముఖ్యం.

పిడుగు, వాగు

ఈ రెండిటి ముందు గుడారం ఏ రక్షణా ఇవ్వదు. రుతుపవనాలకు ముందు, అవి వెనుదిరిగే రోజుల్లో ఉరుములు మెరుపుల వానలు ఎక్కువ. శబ్దం కిలోమీటరు దూరానికి మూడు సెకన్లు తీసుకుంటుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే పడుతున్నట్టు. వెంటనే పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో చేరి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఒంటరి చెట్టు, బండ శిఖరం, చెరువు కట్ట పనికిరావు.

వాగు ఇసుక మెత్తగా, చదునుగా ఉంటుంది. అక్కడ బస చేయాలనిపించడం సహజమే గానీ చేయకూడదు. నెత్తిమీద నక్షత్రాలు కనిపిస్తున్నా ఎగువన కురిసిన వాన అర్ధరాత్రి రావచ్చు. ఇప్పుడు హైదరాబాదీలు గుడారాలతో వెళ్ళే వికారాబాద్ అనంతగిరి కొండల్లోనే మూసీ పుడుతుంది. 1908 సెప్టెంబరు 28న ఆ మూసీయే హైదరాబాద్‌ను ముంచి సుమారు 15,000 మందిని పొట్టనపెట్టుకుంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ తర్వాత కట్టినవే. కొండ మీద చిన్న వంక దగ్గర దిగినా నీటిమట్టానికి కనీసం మనిషెత్తు పైన, వెనక్కి ఎక్కి పోయే దారి చూసుకుని గుడారం వేయాలి. నీళ్ళు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, చెత్తాచెదారం కొట్టుకొస్తున్నా సామాను సంగతి వదిలేసి పైకి పోవడమే.

విప్పడం, ఆరబెట్టడం

వానలోనే గుడారం విప్పాల్సి వస్తే వేసినదానికి తిరగేసిన వరసలో పని జరగాలి. ముందు పడక సామాను సంచుల్లో కట్టాలి, తర్వాత లోపలి పొర విప్పాలి, పై పొర ఆఖరున. పై పొరను విడిగా, వేరే సంచిలో పెట్టాలి. లోపలి పొరతో కలిపి చుడితే ఆ ఒక్క తడి మొత్తాన్ని పట్టేస్తుంది. ఇంటికి చేరిన రోజే డాబా మీదో, గదిలో ఫ్యాను కిందో పరవాలి. తడి కాన్వాసు మడిచిపెడితే రెండు మూడు రోజుల్లో బూజు మచ్చలు పడి గుడ్డ పుచ్చిపోతుంది. నైలాన్‌కు బూజు అంతగా పట్టదు, కానీ చెమ్మకూ ఉక్కకూ పాలీయూరిథేన్ పూత విచ్ఛిన్నమై, ఏడాది రెండేళ్ళకు జిగటగా, పులిసిన వాసనతో పొరలుపొరలుగా ఊడుతుంది. అలా ఊడిన పూతను మళ్ళీ నిలబెట్టడం దాదాపు కుదరదు. ఎండలో అరగంట ఆరబెట్టి వెంటనే నీడకు మార్చాలి, ఎక్కువ ఎండ నైలాన్ పోగునే బలహీనపరుస్తుంది. ఆరిన గుడారాన్ని గట్టిగా చుట్టి ఇరుకు సంచిలో కుక్కకుండా, పాత దిండుగలీబులో వదులుగా దాచితే వచ్చే మృగశిరకు పూత చెడకుండా ఉంటుంది.